చూడని గొంతు

సెప్టెంబరు 4, సోమవారం

ఓపీలో నూట పద్దెనిమిది మంది. వానలు మొదలయ్యాక ఊళ్ళో పిల్లల ముక్కులన్నీ ఒకేసారి కారడం మొదలుపెట్టాయి. ఒకడు నా స్టెతస్కోపు కొరికాడు. ఇంకొకడు పట్టుకోగానే నా ఒళ్ళోనే పని కానిచ్చాడు. వాళ్ళ నాయనమ్మ "మంచి శకునం డాక్టరమ్మా" అంది. ఎవరికో చెప్పలేదు.

చివర్లో ఆరేళ్ళ ఆడపిల్ల. వ్యాను డ్రైవరు కూతురు. ఇంట్లో 'మైకు' అంటారట, నోరు మూయదని. రెండు రోజులుగా మాట్లాడటం లేదని తల్లి తీసుకొచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. "దీని నోరు మూతపడిందంటే లోపల ఏదో ఉన్నట్టేనమ్మా" అంది. జ్వరం నూరు. మింగితే నొప్పి. నోరు తెరవమంటే పెదాలు బిగించేసింది. చెక్కపుల్ల చూపించగానే వెక్కి వెక్కి ఏడుపు. "గట్టిగా పట్టుకోమంటారా?" అంది తల్లి. బయట ఇంకా ఇరవై మంది. "వద్దులెండి, వదిలేయండి. ఏడిపించడం ఎందుకు" అన్నాను. టాన్సిల్స్ అని రాశాను. జ్వరం సిరప్పు, మూడు రోజులకి.

ఇంటికొచ్చేసరికి మా పిల్ల ఊగుతున్న పన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఊడితే ఎవరికివ్వాలో తేల్చమంటుంది. ఈయన్ని అడగమన్నాను. ఈయన నన్ను అడగమన్నారట.

సెప్టెంబరు 5

నూట ముప్పై. మాట్లాడే ఓపిక లేదు, రాసే ఓపిక అసలే లేదు.

సెప్టెంబరు 7, గురువారం

మైకు మళ్ళీ వచ్చింది. తండ్రి ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు, చెప్పులు కూడా లేవు కాళ్ళకి. మెడ రెండు వైపులా వాచి గడ్డంతో కలిసిపోయింది. ఊపిరి తీస్తుంటే రంపం కోసినట్టు శబ్దం. ఈసారి నోరు దానంతట అదే తెరుచుకుని ఉంది. టార్చి వేశాను. రెండు టాన్సిళ్ళ మీదా, వెనక గోడ మీదా బూడిద రంగు పొర. తడిసిన తోలు ముక్కలా అతుక్కుని ఉంది. అంచు మీద దూది ఆనిస్తే నెత్తురు.

పుస్తకంలో చదివాను. పరీక్షలో రాశాను. పదహారేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా చూడలేదు. అందుకే పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మాస్టారికి ఫోన్ చేశాను. నాకు పిల్లల వైద్యం నేర్పిన మనిషి. రిటైరై పన్నెండేళ్ళయింది, ఆసుపత్రి వెనక వీధిలోనే ఉంటారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పది నిమిషాల్లో వచ్చారు. గదిలోకి అడుగు పెట్టలేదు, గుమ్మంలోనే ఆగి గాలి పీల్చారు.

"ఈ వాసన నా ముక్కు నుంచి పోయి నలభై ఏళ్ళయింది. మళ్ళీ వస్తుందనుకోలేదు."

"డిఫ్తీరియానా, మాస్టారూ?"

"మా రోజుల్లో కంఠసర్పి అనేవాళ్ళం. పేరేదైతేనేం. విరుగుడు మందు ఉందా స్టోర్లో?"

లేదు.

పిల్లని వార్డు చివరి గదిలో విడిగా పెట్టాం. మొన్నటిదాకా దుప్పట్ల గది అది. దుప్పట్లు వరండాలోకి వచ్చాయి. పెన్సిలిన్ మొదలుపెట్టాం. ఊపిరి ఆగితే గొంతు కోసి గొట్టం పెట్టడానికి గొంతు సర్జన్‌ని సిద్ధంగా ఉండమన్నాం. పెన్సిలిన్ క్రిముల్ని చంపుతుంది. అవి ఇప్పటికే వదిలిన విషాన్ని మాత్రం ఏమీ చేయలేదు. దానికి విరుగుడు సీరమే కావాలి.

టీకాల కార్డు అడిగాను. మొదటి మూడు డోసులే ఉన్నాయి. తర్వాతివి ఖాళీ. వార్డు అంతా వింటుండగా అరిచాను. "కనడం వచ్చింది గానీ ఒక టీకా వేయించడం రాలేదా?" అన్నాను. పెద్ద సిస్టర్ నా మోచేయి పట్టుకుంది.

తల్లి తల దించుకునే జవాబు చెప్పింది. "మూడుసార్లు తీసుకెళ్ళానమ్మా. ఒకసారి మందు అయిపోయిందన్నారు. ఒకసారి జలుబుంది, తగ్గాక రమ్మన్నారు. ఇంకోసారి వేసే సిస్టరు సెలవు. నాలుగోసారి వెళ్ళలేదు. అదే నా తప్పు."

సోమవారం గొంతు ఎర్రగా ఉంది, అంతే. పొర తర్వాత వచ్చి ఉంటుంది.

సెప్టెంబరు 8, శుక్రవారం

ఉదయం నుంచి ఫోన్లు. స్టోరు ఆయన ఒక ఫోన్లో, నేను ఒక ఫోన్లో. అందరిదీ ఒకటే మాట. "ఆ మందు ఇప్పుడెవరు పెట్టుకుంటారండీ, రోగమే లేదు కదా." ఒకాయనైతే నవ్వాడు కూడా. తొమ్మిదో ఫోన్‌కి దొరికింది. పెద్ద నగరంలో అంటురోగాల ఆసుపత్రి, వెళ్ళడానికే పదకొండు గంటలు. చీటీ రాసి మనిషిని పంపితే ఇస్తామన్నారు. పార్సిల్లో పంపితే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

మైకు తండ్రి పక్కనే నిలబడి అంతా విన్నాడు.

"చీటీ నాకివ్వండి డాక్టరమ్మా. నేను చేసేదే డ్రైవింగు."

"నిన్నటి నుంచి మీకు నిద్ర లేదు."

"దానికి ఊపిరే లేదు."

మందు చల్లగా ఉండాలి, గడ్డ కట్టకూడదు అని చెప్పి ఐసు పెట్టె ఇచ్చాం. చేపల్లా పైన ఐసు పోసేయకూడదని రెండుసార్లు చెప్పాను. "చంటిపిల్లలా తెస్తాను" అన్నాడు. పన్నెండున్నరకి బయల్దేరాడు.

మధ్యాహ్నం ల్యాబాయన పిలిచాడు. మైక్రోస్కోపులో ఆకుపచ్చ పుల్లలు, చివర్లలో నల్ల చుక్కలు, అగ్గిపుల్లలు ఒలకబోసినట్టు అడ్డదిడ్డంగా. "ఇన్నేళ్ళ సర్వీసులో బొమ్మల్లోనే చూశాను మేడం, ఎంత స్పష్టంగా ఉందో చూడండి!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. అంతలోనే ఎవరి గొంతులోదో గుర్తొచ్చి, కుర్చీ సర్దుకుని కూర్చున్నాడు.

సెప్టెంబరు 9, శనివారం

మధ్యాహ్నం రెండున్నరకి వచ్చాడు. పెట్టె రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని మెట్లెక్కాడు. ఐసు ఇంకా ఉంది. సీసాలు చల్లగా ఉన్నాయి. ముందు చర్మం కింద చుక్క వేసి చూశాం, పడుతుందో లేదోనని. పడింది. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాం. తండ్రి గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. సిస్టర్ కింద దుప్పటి పరిచింది.

మాస్టారు లెక్క వేశారు. జబ్బు మొదలై ఎనిమిదో రోజు.

"ఆలస్యమేనా?" అన్నాను.

"విరుగుడు నెత్తుట్లో తిరిగే విషాన్ని పట్టుకుంటుందమ్మా. ఇప్పటికే గుండెలో, నరాల్లో మఠం వేసుకు కూర్చున్నదాన్ని లేపలేదు. ఎంత కూర్చుందో పది రోజులు పోతే గానీ తెలియదు."

ఇంట్లో నేను విడి గదిలో పడుకుంటున్నాను. జబ్బు అంటకుండా మందు నేనూ వేసుకుంటున్నాను. పొద్దున్నే మాస్కు కట్టుకుని మా పిల్ల నోట్లో టార్చి వేసి చూశాను. "అమ్మా, నా గొంతులో ఏం పారేసుకున్నావు?" అంది.

సెప్టెంబరు 10

జ్వరం లేదు. మెడ వాపు సగం తగ్గింది.

సెప్టెంబరు 12, మంగళవారం

పొర ఊడిపోయింది. కింద చర్మం పచ్చిగా, ఎర్రగా ఉంది, కానీ శుభ్రంగా ఉంది. మాట వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు. పది రోజుల బాకీ ఒక్క పూటలో తీర్చేసింది. సెలైన్ స్టాండుకి 'పొడుగు బాబాయి' అని పేరు పెట్టింది. సిస్టర్‌కి పెళ్ళయిందా, ఆయన ఏం చేస్తాడు, మరి నీకు టిఫిను ఎవరు పెడతారు అని కూపీ లాగింది. నేను వెళ్తే ఎగాదిగా చూసింది.

"నీకు సూదులేయడం తప్ప ఇంకేం రాదా?"

"వచ్చు. సిరప్పు కూడా ఇస్తాను."

"అది మా నాన్నకీ వచ్చు."

తల్లి చాలా రోజుల తర్వాత నవ్వింది. పాలల్లో నానబెట్టిన రొట్టె నాలుగు ముక్కలు తింది పిల్ల. వార్డంతా పండగలా ఉంది. సూపరింటెండెంటు వచ్చి నా భుజం తట్టి, పై ఆఫీసుకి పంపే ఫారం ఇచ్చారు. జబ్బు ఎప్పుడు మొదలైంది, మొదటిసారి ఎప్పుడు చూశారు, అప్పుడు గొంతులో ఏం కనబడింది. 'ఎరుపు ఉంది, పొర లేదు' అని రాశాను. ఎర్రగానే ఉంది. నాకు గుర్తుంది.

సెప్టెంబరు 13, బుధవారం

స్కూల్లో మైకు తరగతి పిల్లలందరికీ మొన్నే గొంతులో దూది పెట్టి తీశాం. ముప్పై నాలుగు మంది. అందరికీ మందు, అందరికీ టీకా. ఇద్దరి గొంతుల్లో క్రిమి ఉంది, జబ్బు లేదు. తల్లిదండ్రులు బారులు తీరి నిలబడ్డారు. ఈ వారం ఆరోగ్య కేంద్రంలో మందు అయిపోలేదు, సిస్టరు సెలవు పెట్టలేదు, జలుబున్న పిల్లలకీ వేశారు. చేతులు కాలాక ఆకులు.

మైకు ఈసీజీలో చిన్న తేడా. చాలా చిన్నది. మాస్టారు కాగితం కిటికీ వెలుగులో పెట్టి చూశారు.

"మంచం దిగనివ్వద్దు. ఒంటేలుకి కూడా. కూర్చోనివ్వద్దు. నవ్వించొద్దు కూడా అనాలని ఉంది."

బాగైపోయిందనుకున్న ఆరేళ్ళ పిల్లని కదలకుండా పడుకోబెట్టడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు. తల్లి నడుం వంచి మంచం పక్కనే కూర్చుని, పిల్ల చేతిలో గుడ్డ ముక్కలు పెట్టి, ఏ రంగు పక్కన ఏది కుట్టాలో అడుగుతోంది. పిల్ల పడుకునే ఆజ్ఞలు జారీ చేస్తోంది.

సెప్టెంబరు 15, శుక్రవారం

పొద్దున పాలు తాగిస్తుంటే ముక్కులోంచి వచ్చేశాయి. మాట ముక్కుతో వస్తోంది. అంగిలి నరం పడిపోయింది. పిల్లకి ఇది తమాషాగా ఉంది, ముక్కుతో మాట్లాడి సిస్టర్లని నవ్విస్తోంది. నాడి నిమిషానికి అరవై నాలుగు. ఈ వయసుకి తొంభై ఉండాలి.

తల్లిని వరండాలో దుప్పట్ల బీరువా పక్కకి పిలిచి చెప్పాను. విషం గుండెకి తగిలిందని.

"తగ్గిందన్నారు కదమ్మా."

"గొంతులో తగ్గింది."

"అయితే గుండెకి మందు వేయండి."

దానికి మందు లేదని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూనే ఉంది, ఇంకేదో చెప్తానన్నట్టు. నా దగ్గర ఇంకేం లేదు.

సెప్టెంబరు 16, శనివారం

అరవై.

మాస్టారితో టీ తాగుతూ, ఏమీ ఎరగనట్టు అడిగాను, మూడో రోజుకి పొర కనబడుతుందా అని.

"కనబడుతుంది. చూస్తే."

ఆయన కప్పులోకే చూశారు. నేనూ నా కప్పులోకే చూశాను.

సెప్టెంబరు 17, ఆదివారం

ఇవాళ డ్యూటీ లేదు. అయినా వెళ్ళాను. పిల్ల నిద్రపోతోంది. తల్లి కదిలి నాకు స్టూలు జరిపింది. తర్వాత ఆవిడే మొదలుపెట్టింది.

"నాదేనమ్మా తప్పంతా. ఆ సోమవారం మీరు గొంతు చూస్తానన్నారు. ఇది ఏడుస్తోందని నేనే వద్దన్నాను. రెండు తగిలించి నోరు తెరిపించి ఉంటే మీరు ఆ రోజే కనిపెట్టేవారు. ముద్దు చేసి చంపుకుంటున్నాను."

అలా కాదు అనాలి. మింగలేక కక్కలేక కూర్చున్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని "మీరేం చేస్తారులెండి" అని నన్ను ఓదార్చింది.

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. నా రాతే. 'గట్టిగా పట్టుకోమంటారా? అంది తల్లి.' 'వద్దులెండి, వదిలేయండి.'

ఎర్రగా ఉందని రాశాను కదా, ఏడో తారీఖున. ఏం చూసి రాశాను?

చూడలేదు. గొంతు చూడలేదు.

సెప్టెంబరు 18, సోమవారం

యాభై రెండు.

పెద్ద ఆసుపత్రి గుండె డాక్టరుతో మాట్లాడాను. కొట్టుకోవడానికి ఊతమిచ్చే యంత్రం పెట్టాలి, ఇంత చిన్నపిల్లకి అక్కడే పెట్టగలరు. ఎలా తేవాలంటే, "కదిపితే దారిలోనే పోవచ్చు, కదపకపోతే అక్కడే పోవచ్చు. తీసుకొస్తే మేం ప్రయత్నిస్తాం. పెట్టినా ఈ గుండె నిలుస్తుందని నేను మాటివ్వలేను" అన్నాడు. మంచి మనిషి. నిజమే చెప్పాడు. తండ్రి ఇక్కడే ఉంచుదామన్నాడు.

చెప్పలేదు.

ఈయనకి మాత్రం చెప్పాను, మా పిల్ల స్కూలు సంచి సర్దుతుంటే. చాలాసేపు పెన్సిళ్ళు చెక్కుతూ ఉండిపోయారు. "చెప్తే ఉద్యోగం మీదికి రావచ్చు" అన్నారు. ఇంకో పెన్సిలు చెక్కాక, "చెప్పకపోతే నువ్వు మా ఎవరి మొహమూ చూడవు. వారం నుంచీ చూడటం లేదు" అన్నారు.

సెప్టెంబరు 19, మంగళవారం

చెప్పాను.

పది గంటలప్పుడు. తండ్రి కింద క్యాంటీనుకి వెళ్ళాడు. తల్లి వరండా కుళాయి దగ్గర పిల్ల గుడ్డలు జాడిస్తోంది. పక్కన నిలబడి చెప్పాను. "మీరు వద్దనలేదు. పట్టుకోమంటారా అని మీరే అడిగారు. నేనే వదిలేయమన్నాను. బయట జనం ఉన్నారని తొందరపడ్డాను. గొంతు చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. మూడు రోజుల ముందు మందు పడేది. తప్పు నాది."

నేను అనుకున్నంత పొడుగు లేదు ఆ మాట. అయిపోయింది.

ఆవిడ కుళాయి కట్టేసింది. గుడ్డ పిండింది. ఇంకా ఇంకా పిండింది, చుక్క రాకపోయినా.

"ఇప్పుడెందుకు చెప్తున్నారమ్మా?"

"మీరు మీ మీద వేసుకుంటున్నారని."

"ఇన్నాళ్ళు చూస్తూ ఊరుకున్నారు కదా. టీకా వేయించలేదని అంతమందిలో నన్ను అన్నారు. అప్పుడు గుర్తు రాలేదా?"

ఆ గుడ్డ విదిలించి పిట్టగోడ మీద ఆరేసింది.

"మీకు దిగింది బరువు. నాకేం దిగలేదు. నాది నాకే ఉంది, మీది కూడా వచ్చి పడింది."

పిల్ల గదిలోంచి ముక్కుతో పిలిచింది. ఆవిడ చేతులు తుడుచుకుంది. వెళ్ళబోతూ ఆగింది.

"ఆయనకి చెప్పకండి. తట్టుకోలేడు. ఏం చేస్తాడో కూడా తెలియదు."

"నా బదులు వేరే డాక్టరుని చూడమంటాను."

"ఎందుకు? ఇంకో ఆయనొచ్చి మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవడానికా? మీరే చూడండి. ఎక్కడ తప్పారో మీకు తెలుసు. ఈసారైనా తొందరపడరు."

సెప్టెంబరు 20, బుధవారం

నలభై ఆరు. ఓపీ వేరేవాళ్ళకి అప్పగించి రోజంతా ఆ గదిలోనే ఉన్నాను. ఎక్కించే మందులు ఎక్కిస్తున్నాం. వాటితో ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు, నాకూ మాస్టారికీ పెద్ద సిస్టర్‌కీ. మాస్టారు మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

"నా చిన్నతనపు డ్యూటీలో ఒకే వారంలో పదకొండు మందిని చూశాను ఇలా. ఏం చేయాలో తెలియక మూడో మనిషి దగ్గర్నుంచి ఊరికే పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. మా పెద్ద డాక్టరు చూసి, పని లేదా అని తిట్టాడు."

"మీరేమన్నారు?"

"లేదండీ అన్నాను."

మైకు నెమ్మదిగా మాట్లాడుతోంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. ఇంటికెళ్ళాక వ్యానులో ముందు సీటు తనదే అని తండ్రితో ఒప్పందం రాయించుకుంది. వెనక సీటు ఎవరిదంటే, అమ్మదీ కుట్టుమిషనుదీ అంది. నా వైపు తిరిగి, "నువ్వు కూడా రావచ్చు. సూదులు తేకు" అంది.

సెప్టెంబరు 21, గురువారం

మధ్యాహ్నం పన్నెండు ముప్పావు.

సెప్టెంబరు 23, శనివారం

రాయకపోతే మళ్ళీ మార్చేసుకుంటాను. అందుకే రాస్తున్నాను.

గురువారం పొద్దున నాడి యాభైకి పెరిగింది. ఆశ పడ్డాను. రెండు చెంచాల నీళ్ళు ముక్కులోంచి రాకుండా మింగింది. తల్లి జడ వేస్తానంది, నేను కదపొద్దన్నాను. సరేనని ముందున్న జుట్టు మాత్రం వేళ్ళతో దువ్వింది. పన్నెండున్నరకి పిల్ల "కడుపులో తిప్పుతోంది" అంది. ఒకసారి వాంతి. మొహం తెల్లబడింది. మానిటర్ మీద గీత పెద్ద పెద్ద అలలయింది, తర్వాత సన్నబడింది. గుండె నొక్కాను. ఇంజెక్షన్లు సిస్టర్ ఇచ్చింది. నొక్కుతూనే ఉన్నాను. నా చేతి కింద ఆ ఎముకలు ఎంత చిన్నవో. మాస్టారు వచ్చి నా మణికట్టు మీద చేయి వేసేదాకా నొక్కాను.

తల్లి అరవలేదు. తండ్రి, "మళ్ళీ తెస్తాను, ఆ మందు మళ్ళీ తెస్తాను, చీటీ రాయండి" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. తర్వాత కూర్చున్నాడు.

ఇవాళ సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి ఫారం తప్పు రాశానని చెప్పాను. 'గొంతు పరీక్ష చేయలేదు' అని కొత్త ఫారం రాసి ఇచ్చాను. ఆయన చదివి, తలుపు వేసి వచ్చారు. "పంపేసింది పంపేశాం. ఇప్పుడిది దేనికమ్మా? పోయిన పిల్ల రాదు, నువ్వూ పోతావు" అన్నారు. పంపమన్నాను. సొరుగులో పెట్టారు. నకలు నేనే పోస్టులో వేశాను. ఏమవుతుందో తెలియదు.

సెప్టెంబరు 24

మా పిల్ల పన్ను ఊడింది. చేతిలో పెట్టి చూపించింది. ఏడుపు ఆగలేదు నాకు. "మళ్ళీ వస్తుందమ్మా, ఏడవకు" అంది.

సెప్టెంబరు 27, బుధవారం

పొద్దున ఎనిమిదింటికి మైకు తండ్రి వచ్చాడు. మరణపత్రం కోసం. తల్లి కింద వ్యానులోనే ఉందట, ఈ మెట్లు ఎక్కనందట. కాగితాలు తయారయ్యేలోగా నా గదిలో కూర్చోమన్నాను. గడ్డం పెరిగింది. చేతిలో వ్యాను తాళం చెవి తిప్పుతూ కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పాలి."

"అడగండి."

"ఆ రోజు నేను మందు తెచ్చేటప్పుడు, తిరుగు దారిలో, తెల్లారుతుండగా కళ్ళు మూతలు పడిపోయాయి. ఎదురుగా లారీ కూడా రెండుగా కనబడింది. పక్కకి తీసి ఆపాను. పది నిమిషాలనుకున్నాను. లేచేసరికి గంటన్నర దాటింది. పెట్టె ఒళ్ళోనే ఉంది." తాళం చెవి తిప్పడం ఆపాడు. "ఆ గంటన్నర ముందు తెచ్చుంటే బతికేదా?"

వద్దు, చెప్పకండి, తట్టుకోలేడు అంది ఆవిడ. నేను మాటివ్వలేదు గానీ, కాదని కూడా అనలేదు. ఊరికే 'ఆ గంటన్నరకి తేడా రాదు' అంటే సరిపోయేది. నిజమే అది. కానీ అతను నమ్మడు. ఎందుకు రాదు అని తవ్వుతాడు. జవాబు దొరక్కపోతే ఆ రోడ్డు పక్కనే, ఆ ఒళ్ళో పెట్టెతోనే ఉండిపోతాడు బతికినన్నాళ్ళూ.

"ఆ గంటన్నరకి ఏమీ తేడా రాలేదు. తేడా వచ్చింది అంతకు ముందు సోమవారం. మీ ఆవిడ పిల్లని నా దగ్గరికి తెచ్చింది. నేను నోరు తెరిపించి చూడలేదు. చూసి ఉంటే బతికే అవకాశం చాలా ఉండేది. ఆలస్యం చేసింది నేను. మీరు కాదు."

కుర్చీ వెనక్కి పడింది అతను లేచిన ఊపుకి. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడ మీద టీకాల పట్టిక ఉంది, పుట్టిన రోజు నుంచి పదహారేళ్ళ దాకా. దాన్నే చూస్తున్నాడో, ఏమీ చూడటం లేదో.

వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "దానికి తెలుసా? మా ఆవిడకి?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పిల్ల పోవడానికి రెండు రోజుల ముందు నుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు తట్టుకోలేరని."

నవ్వు లాంటిది ఒకటి వచ్చింది అతని నోట్లోంచి. "నేను నిద్రపోయానని దానికి చెప్పలేదు, అది తట్టుకోలేదని."

కుర్చీ లేవదీసి సరిగ్గా పెట్టాడు. మీద పడిన దుమ్ము కూడా చేత్తో తుడిచాడు. "మిమ్మల్ని క్షమించానని చెప్పడానికి రాలేదు నేను" అన్నాడు.

"అడగను కూడా."

గుమాస్తా కాగితాలు తెచ్చి ఇచ్చాడు. సంతకం పెట్టమంటే, ఎక్కడ పెట్టాలో నన్నే అడిగాడు. చూపించాను. పెట్టాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కిటికీలోంచి కనబడింది. వ్యాను దగ్గరికి వెళ్ళి డ్రైవరు తలుపు తీయలేదు. చుట్టూ తిరిగి ఆవిడ వైపు వెళ్ళాడు. అద్దం దించింది. అతను ఏదో చెప్తున్నాడు, వంగి, రెండు చేతుల్నీ కిటికీ అంచు మీద పెట్టి. ఆవిడ మొదట ఎదురుగానే చూస్తోంది. తర్వాత తిరిగింది. తర్వాత తలుపు తీసుకుని కిందికి దిగింది. కొట్టింది, అతని ఛాతీ మీద, రెండు చేతుల్తో, రెండు మూడు దెబ్బలు. అతను నిలబడే ఉన్నాడు. ఆ చేతులు అలాగే అతని చొక్కా పట్టుకుని ఉండిపోయాయి. తల ఆనించింది. ఆసుపత్రి గేటు దగ్గర, వచ్చే పోయే జనం మధ్య, ఇద్దరూ మొదటిసారి గట్టిగా ఏడ్చారు. జనం పక్కనుంచి దారి చేసుకుని వెళ్తున్నారు.

ఓపీ మొదలైందని సిస్టర్ పిలిచింది. వస్తున్నానన్నాను. రెండోసారి పిలిచింది. వ్యాను ఇంకా కదల్లేదు. మూడోసారి పిలిచాక వెళ్ళాను.